గజం దూరం ప్రయాణం: అడవిపూల గింజలూ చీమలూ

సభలోని పెద్దలకు, అధ్యాపక మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

వృక్షశాస్త్రం పాఠం చెప్పినంత కాలం, విత్తన వ్యాప్తి అనే అధ్యాయానికి వచ్చినప్పుడల్లా నేను గాలితో మొదలుపెట్టి, నీటి మీదుగా పక్షుల దాకా వచ్చి, జిల్లేడు దూదినీ కొబ్బరికాయనూ మర్రిపండునూ ఉదాహరణలుగా చూపి, గంట కొట్టే వేళకు "కొన్ని విత్తనాలను చీమలు కూడా మోస్తాయి" అని ఒక్క వాక్యం చెప్పి ముగించేవాణ్ణి. ఆ వాక్యం నేనూ పుస్తకంలో చదివినదే గానీ కళ్లారా చూసి చెప్పినది కాదు. ఉద్యోగ విరమణ తరువాత అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఉంటున్న మా అమ్మాయి దగ్గరకు వెళ్లి కొన్ని నెలలు ఉన్నాను. వాళ్ల ఊరి పక్కనే ఉన్న అడవిలో, జూన్ నెలలో ఒక ఉదయం, ఎండుటాకుల మధ్య గొంతుకూర్చుని అరగంట సేపు చూసిన ఒక చిన్న పని ఆనాటి నా ఒక్క వాక్యానికి ప్రాయశ్చిత్తంగా ఈ ప్రసంగానికి కారణమైంది.

ముందు ఆ అడవి ఎలాంటిదో చెప్పాలి, ఎందుకంటే ఈ కథ అంతా ఆ అడవి నేల మీదే నడుస్తుంది. అది మేపుల్, బీచ్, ఓక్ చెట్లతో నిండిన, శీతకాలంలో ఆకు మొత్తం రాల్చే అడవి. మార్చి నెలాఖరులో మంచు కరిగిన తరువాత, చెట్లు మళ్లీ ఆకు వేసి నేలను నీడతో కప్పేసే లోపు, కొన్ని వారాల పాటు మాత్రమే సూర్యుడి వెలుగు తిన్నగా నేలకు చేరుతుంది. ఆ కొద్ది వారాల వెలుగు కోసమే ఏడాదంతా కాచుకున్నట్టు జానెడు ఎత్తు మొక్కలు ఒక్కసారిగా లేచి పూస్తాయి. మూడు ఆకులు, మూడు తెల్లని రేకలతో ఉండే ట్రిలియం వాటిలో అందరికీ తెలిసినది. కాడ విరిస్తే నెత్తురు లాంటి రసం కారే బ్లడ్‌రూట్ మన గసగసాల కుటుంబానికి చెందినది. వైల్డ్ జింజర్ అనే మొక్క పేరుకు అల్లమే గానీ అల్లంతో దానికి ఏ చుట్టరికమూ లేదు, నిజానికి అది మన చేలగట్ల మీద కనిపించే గాడిదగడపాకు కుటుంబానిది. వీటికి తోడు హెపాటికా, రకరకాల వయొలెట్లు. చెట్లు ఆకు వేసేసరికి వీటి పూత ముగుస్తుంది, ఎండాకాలం మొదట్లో కాయలు పండుతాయి.

ఇక్కడే చిక్కు వస్తుంది. అడవి అడుగున గాలి దాదాపు ఉండదు, కాబట్టి దూది కట్టుకుని ఎగిరే గింజకు అక్కడ పని లేదు. ఇవి ఏటి ఒడ్డు మొక్కలు కావు, కాబట్టి నీరూ అక్కరకు రాదు. ఎర్రగా నిగనిగలాడి పిట్టలను పిలిచే పండ్లు కూడా వీటిలో చాలావాటికి లేవు. బ్లడ్‌రూట్ కాయ పచ్చగా, సన్నగా ఉండి పండగానే నిలువునా చీలి గింజలను తల్లి మొక్క కాళ్ల దగ్గరే రాల్చేస్తుంది. అయినా ఈ మొక్కలు అడవంతా పరుచుకుని ఉన్నాయి. వాటిని ఎవరు తీసుకెళ్లారు?

నేను ఆ ఉదయం చూసినది ఆ చీలిన కాయ కిందే. గింజ ఎర్రగోధుమ రంగులో, గాజుపూస లాగా మెరుస్తూ ఉంది. దాని ఒక పక్కన తెల్లగా, మెత్తగా, చిన్న పురుగొకటి గింజను కరుచుకుని పడుకున్నట్టు ఒక బుడిపె ఉంది. సన్నని నడుము, పొడుగు కాళ్లు గల ఒక గోధుమరంగు చీమ వచ్చి, మీసాలతో ఆ బుడిపెను రెండు మూడు సార్లు తడిమి, గింజను కాదు, బుడిపెనే దవడలతో పట్టుకుని గింజను ఈడ్చుకుంటూ బయలుదేరింది. ఆకుల మీద ఎక్కుతూ జారుతూ, పుల్లల కింద దూరుతూ, నా చేతి కర్రతో కొలిస్తే ఒకటిన్నర గజం దాటని దూరంలో, పుచ్చిన దుంగ కిందకు దాన్ని తీసుకుపోయింది. నేను మూడు గింజలు అలా వెళ్లడం చూశాను. నాలుగోది పట్టిన చీమ దారి మధ్యలో దాన్ని వదిలేసి వెళ్లిపోయింది. ఎందుకో తెలియదు గానీ, అది కూడా లెక్కలో రాసుకోవలసిన సంగతే.

ఆ బుడిపెకు శాస్త్రంలో ఎలయోసోమ్ అని పేరు, గ్రీకు భాషలో నూనె శరీరం అని అర్థం. ఆ పేరు పెట్టినవాడు స్వీడన్ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు రుట్‌గర్ సెర్నాండర్. ఐరోపాలో చీమలు మోసే మొక్కల మీద ఆయన 1906లో ప్రచురించిన పెద్ద గ్రంథం ఈ విషయానికి పునాది. ఆయన ఓపిక ఎంతటిదంటే, ఎర్ర అడవిచీమల పుట్ట ఒకటి ఒక్క రుతువులో 36 వేలకు పైగా గింజలనూ పండ్లనూ మోయగలదని దారుల పక్కన కూర్చుని గమనించి అంచనా కట్టాడు. సెర్నాండర్ కాలానికి ఇదొక ఐరోపా వింత. నేడు మనకు తెలిసిన లెక్క వేరు. పూలు పూసే మొక్కల్లో సుమారు 11,000 జాతులు, అంటే నూటికి నాలుగైదు జాతులు, తమ గింజలను చీమల మీద పెట్టి పంపుతున్నాయి. అవి 70కి పైగా కుటుంబాలకు చెందినవి. వాటికి ఒక్క పూర్వీకుడు లేడు, వేరు వేరు వంశాల్లో వేరు వేరుగా కనీసం 100 సార్లు ఈ బుడిపె పుట్టుకొచ్చింది. బుడిపె తయారయ్యే భాగం కూడా ఒక్కటి కాదు: ఒక మొక్కలో గింజ పైపొర ఉబ్బి బుడిపె అవుతుంది, మరొక దానిలో పండు గోడలోని కొంత భాగం అవుతుంది. తూర్పు అమెరికా అడవుల్లో నేల మొక్కల జాతుల్లో ఇంచుమించు మూడో వంతు ఈ కోవకే చెందుతాయి.

చీమ ఆ గింజను పుట్టలోకి తీసుకెళ్లి ఏం చేస్తుంది? ఎదిగిన చీమలు గట్టి ఆహారం మింగలేవు, వాటి నడుము అంత సన్నం. బుడిపెను విడదీసి గూటిలోని పిల్లపురుగులకు, అంటే డింభకాలకు, తినిపిస్తాయి. గింజ పెంకు గట్టిది, నునుపైనది, దానిని అవి ఏమీ చేయవు. బుడిపె అయిపోయిన గింజ వాటికి చెత్తతో సమానం కాబట్టి గూటి మూలలో పడేస్తాయి, లేదా మోసుకొచ్చి బయట పారబోస్తాయి. మన ఊళ్లలో ధాన్యం గింజలను ఏరుకుని పుట్టలో కొట్లు కొట్లుగా దాచుకునే చీమలు వేరు, ఇవి వేరు. అక్కడ గింజే తిండి, కాబట్టి మోసిన గింజల్లో ఎక్కువ భాగం నాశనమవుతాయి. ఇక్కడ తిండి బుడిపె, గింజ కేవలం ఆ తిండిని చుట్టి ఇచ్చిన పొట్లం. ఈ తేడా తెలియకపోతే చీమను దొంగ అనుకుంటాం.

అయితే చీమ ఆ బుడిపెను తిండిగానే గుర్తుపడుతోందా అన్నది నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న ప్రశ్న. బుడిపెలో చీమను కదిలించే ముఖ్యమైన పదార్థం ఓలియిక్ ఆమ్లం, దానితో ఏర్పడిన కొన్ని కొవ్వులు. ఈ ఆమ్లం వేరుశనగ నూనెలోనూ ఉంటుంది, చచ్చిన కీటకాల శరీరంలోనూ పుడుతుంది. 1958లో ఎడ్వర్డ్ విల్సన్, ఆయన సహచరులు చేసిన పరిశోధనలో, చచ్చిన చీమను చచ్చినదిగా తోటి చీమలు గుర్తుపట్టేది ఇలాంటి ఆమ్లాల వాసన వల్లనేనని తేలింది. బతికి ఉన్న చీమ ఒంటికి ఆ ఆమ్లం రాస్తే, అది కాళ్లు కొట్టుకుంటున్నా సరే, తోటి చీమలు దాన్ని పట్టుకెళ్లి శవాల కుప్ప మీద పడేస్తాయి. అది ఒళ్లు శుభ్రం చేసుకుని తిరిగి వచ్చే దాకా దానికి బతికున్నవాళ్లలో చోటు ఉండదు. మరి అడవిలో తిండి వెతుక్కునే చీమకు అదే వాసన చచ్చిన పురుగు వాసన, అంటే మాంసం వాసన. 1994లో లెస్లీ హ్యూస్, మార్క్ వెస్టోబీ తదితరులు బుడిపెల్లోని కొవ్వు ఆమ్లాలను పరీక్షించి, వాటి కూర్పు గింజల కూర్పు కంటే కీటకాల కూర్పుకే దగ్గరగా ఉందని చూపించారు. ఒకరకంగా చెప్పాలంటే గింజ పురుగు వేషం వేసుకుంది. నా కంటికి ఆ బుడిపె పురుగులా కనిపించడం యాదృచ్ఛికమే కావచ్చు, కానీ చీమ ముక్కుకు అది పురుగే.

ఈ వేషం మొక్కలకే పరిమితం కాదు. పుల్లపురుగుల్లో కొన్ని జాతులు నేల మీద జారవిడిచే గుడ్లకు సరిగ్గా ఇలాంటి బుడిపె ఒకటి ఉంటుంది. చీమలు ఆ గుడ్లను పుట్టలోకి మోసుకెళ్లి, బుడిపె కొరుక్కుని, గుడ్డును భూమిలో క్షేమంగా వదిలేస్తాయి. ఒక జంతువు గుడ్డూ ఒక మొక్క గింజా ఒకే వాహనాన్ని ఒకే కూలి ఇచ్చి మాట్లాడుకున్నాయన్నమాట.

కూలి నిజంగా ముడుతోందా అని కూడా అడగాలి. బ్లడ్‌రూట్ బుడిపెలను తిన్న చీమల గూళ్లలో కొత్త రాణులు ఎక్కువగా పుట్టాయని 1998లో ప్రచురితమైన ఒక అధ్యయనం చెప్పింది. దీనిని బట్టి చీమకు లాభం ఉన్నట్టే. కానీ అన్ని బుడిపెలూ ఒకే స్థాయి ఆహారం కావు. వాసన ఘనంగా ఉండి పోషణ తక్కువైన మొక్కలు కూడా ఉన్నాయని తరువాతి పరిశోధనల్లో కనిపించింది. అందువల్ల దీనిని పరస్పర సహకారం అని పాఠ్యపుస్తకాల్లో రాసేటప్పుడు కొంచెం తగ్గించి రాయడం మంచిదని నా అభిప్రాయం. ఇందులో బేరం ఉంది, కొంత మోసమూ ఉంది, కలిసి బతకడమూ ఉంది.

ఇప్పుడు దూరం సంగతి. విత్తన వ్యాప్తి అనగానే విద్యార్థులు దూరాన్ని ఊహిస్తారు. చీమల విషయంలో ఆ ఊహ పనికిరాదు. ప్రపంచమంతటా జరిగిన కొలతలను కూడి సగటు తీస్తే అది ఒకటి, రెండు మీటర్లకు మించదు. ఆస్ట్రేలియా ఎడారి ప్రాంతంలో ఒక చీమ జాతి 180 మీటర్ల దూరం మోసినట్టు నమోదైంది గానీ, అది అరుదుల్లోకెల్లా అరుదు. నేను చూసిన ఒకటిన్నర గజమే మామూలు. ఇంత చిన్న ప్రయాణం కోసం మొక్క తన గింజ గింజకూ నూనె ముద్ద ఎందుకు అంటిస్తోంది?

జవాబులో మొదటి భాగం ఎలుకలు. రాత్రి పూట అడవి నేల మీద ఎలుకలు తిరుగుతాయి, గింజ దొరికితే పెంకు కొరికి పప్పు తింటాయి. రేమండ్ హైతాస్ 1981లో ప్రచురించిన ప్రయోగాల్లో బ్లడ్‌రూట్, వైల్డ్ జింజర్ మొదలైన మొక్కల గింజలకు చీమలు అందకుండా చేసినప్పుడు ఎలుకలు వాటిని పెద్ద ఎత్తున తినేశాయి. పగలు చీమ మోసుకుపోయిన గింజ రాత్రి ఎలుకకు దొరకదు. కాయలు పండి చీలడం, చీమలు గింజలు ఎత్తుకుపోవడం కొన్ని గంటల్లోనే జరిగిపోవడం ఇందుకే ముఖ్యం. ఇక్కడ ప్రయాణమంటే దాక్కోవడం.

రెండో భాగం చోటు. చీమ గింజను వదిలేది ఎండుటాకుల పొర కింద, చేత్తో నలిపితే పొడి అయ్యే మట్టిలో, తేమ నిలిచే పుచ్చుదుంగ పక్కన. చీమల పుట్ట మట్టిలో పోషకాలు ఎక్కువ కాబట్టి మొలక బాగా పెరుగుతుందని చాలాకాలం చెప్పారు. అది కొన్ని చోట్ల నిజమైంది, కొన్ని చోట్ల కాలేదు. తూర్పు అమెరికా చీమలు మోసుకొచ్చిన గింజల్లో ఎక్కువ వాటిని కొద్ది రోజుల్లోనే మళ్లీ గూటి బయటకు తెచ్చి వదులుతాయని తరువాత తెలిసింది. దాంతో గింజలు ఒకే గుంటలో పోగుపడి ఒకదానితో ఒకటి పోటీ పడకుండా చుట్టుపక్కల చెదురుతాయి. అంటే మొక్కకు ఉపకరించేది పుట్ట మాత్రమే కాదు, చీమల ఇల్లు ఊడ్చే అలవాటు కూడా.

దక్షిణాఫ్రికా దక్షిణ కొసన, ఫైన్‌బోస్ అనే పొదల ప్రాంతంలో, ఈ చోటుకు మరొక అర్థం ఉంది. అక్కడ పొదలకు కొన్నేళ్లకోసారి నిప్పు అంటుకోవడం ప్రకృతి క్రమం. భూమి మీద ఉన్న గింజ కాలిపోతుంది, చీమ భూమిలో పూడ్చిన గింజ మంట దాటిపోయాక మొలుస్తుంది. ఆ ప్రాంతంలోకి దక్షిణ అమెరికా నుంచి అర్జెంటీనా చీమ చొరబడి స్థానిక చీమలను తరిమేసింది. కొత్త చీమ గింజను పూడ్చదు, బుడిపె కొరికి గింజను పైనే వదిలేస్తుంది. విలియం బాండ్, పీటర్ స్లింగ్స్‌బీ 1984లో ప్రచురించిన లెక్కల ప్రకారం మిమెటిస్ అనే పొద గింజల్లో, పాత చీమలున్న చోట మూడో వంతుకు పైగా మొలకెత్తగా, అర్జెంటీనా చీమ ఆక్రమించిన చోట నూటికి ఒకటి కూడా మొలవలేదు. రెండు చోట్లా చీమలున్నాయి. పని చేసే చీమ మాత్రం ఒక్క చోటే ఉంది.

మళ్లీ అమెరికా అడవికి వస్తాను. అక్కడ ఈ పని చేసే చీమ దాదాపుగా ఒక్కటే. అఫీనోగాస్టర్ అనే ప్రజాతికి చెందిన, ఒకదానికొకటి చాలా దగ్గరగా పోలిన కొన్ని జాతుల గుంపు అది. ఒక గూటిలో ఉండేది కొన్ని వందల చీమలే. అడవిలో ఎన్నో రకాల చీమలున్నా, గింజల్లో అత్యధిక భాగాన్ని మోసేది ఇదే. ఎన్నో జాతుల పూలు ఒక్క మోతగాడి మీద బతుకుతున్నాయన్న మాట విన్నప్పుడు ఊరికంతటికీ ఒక్కటే బస్సు ఉన్న పల్లె నాకు గుర్తొచ్చింది. ఆ బస్సు రాని రోజు ఏమవుతుందో పల్లెవాళ్లకు చెప్పనక్కరలేదు. తూర్పు ఆసియా నుంచి వచ్చిన ఒక సూదిచీమ ఆగ్నేయ అమెరికాలో అఫీనోగాస్టర్‌ను వెనక్కి నెట్టిన అడవుల్లో, వైల్డ్ జింజర్‌కు దగ్గరి బంధువైన ఒక మొక్క గణనీయంగా తగ్గిందని 2012 నాటి పరిశోధన చూపింది. వేడి పెరగడం మరొక బెడద. దక్షిణ అపలేచియన్ కొండల్లో, చలి తట్టుకుని పొద్దున్నే పనిలోకి దిగినట్టు వసంతం తొలినాళ్లలోనే బయటికి వచ్చే జాతి ఉన్న ఎత్తులకు, ఆలస్యంగా కదిలే వెచ్చటి నేలల జాతి పైకెక్కి వచ్చింది. అందరికంటే ముందు గింజ రాల్చే హెపాటికాకు అది సరిపడదు. గింజ పండే నాటికి మోసేవాడు ఇంకా నిద్ర లేవడు.

ఇంత నెమ్మదిగా కదిలే మొక్కలు అసలు అంత ఉత్తరానికి ఎలా చేరాయన్న ప్రశ్న 1998లో ఒక చక్కని లెక్కకు దారితీసింది. హిమయుగంలో ఆ ఉత్తర ప్రాంతాలు మంచుపలకల కింద ఉండేవి. మంచు వెనక్కి తగ్గిన గత 16,000 సంవత్సరాల్లో వైల్డ్ జింజర్ కేవలం చీమల కాళ్లతో నడిచి ఉంటే, ఆ లెక్క ప్రకారం అది 10, 11 కిలోమీటర్లు మాత్రమే వెళ్లి ఉండాలి. వాస్తవానికి అది వందల కిలోమీటర్లు ఉత్తరాన పెరుగుతోంది. కాబట్టి ఎప్పుడో ఒకసారి, ఎవరో దాన్ని దూరం తీసుకెళ్లారు. ట్రిలియం విషయంలో ఆ ఎవరో కొంతవరకు దొరికారు. తెల్లతోక జింక ట్రిలియం మొక్కను కాయతో సహా మేస్తుంది, కొన్ని గింజలు దాని పేడలో చెక్కుచెదరకుండా బయటపడి మొలుస్తాయి. ఈ సంగతి 2003లో న్యూయార్క్ రాష్ట్రంలో జరిగిన పరిశోధనలో వెల్లడైంది, జింక కడుపులో గింజ కిలోమీటరు పైన కూడా వెళ్లగలదు. విచిత్రం ఏమిటంటే, నేడు ఆ అడవుల్లో జింకలు మితిమీరి పెరిగి, ట్రిలియంను పూత దశలోనే మేసి దానికి పెద్ద శత్రువులయ్యాయి. వెయ్యేళ్లకొకసారి పొలిమేర దాటించేది జింక, ప్రతి ఏడూ సంసారం నడిపించేది చీమ.

ఆ సంసారం చాలా నిదానమైనది. ట్రిలియం గింజ మట్టిలో పడ్డాక మొదటి శీతకాలం గడిస్తే వేరు వస్తుంది, రెండో శీతకాలం కూడా గడిస్తేనే ఆకు పైకి వస్తుంది. ఆ తరువాత కొన్నేళ్లు ఒంటి ఆకుతోనే ఉండి, తొలి పువ్వు పూసేసరికి ఏడేళ్లో అంతకంటే ఎక్కువో పడుతుంది. కాబట్టి పంతొమ్మిదో శతాబ్దంలో దున్ని, తరువాత వదిలేయగా మళ్లీ అడవిగా మారిన భూముల్లో చెట్లు గుబురుగా ఎదిగినా ఈ పూలు తిరిగి రావడానికి తరాలు పడుతోంది. మా అమ్మాయి ఇంటి పక్క అడవిలోనూ ఒక పాత రాతిగట్టు ఉంది. గట్టుకు ఒక వైపు నేలంతా బ్లడ్‌రూట్, రెండో వైపు చెట్లు అంతే ఎత్తున ఉన్నా నేల మీద ఎండుటాకులు తప్ప ఏమీ లేవు. ఆ రెండో వైపు ఒకప్పుడు పొలమేమో అన్నది నా ఊహ, దానిని నేను నిరూపించలేదు.

చివరగా మన నేలకు వస్తాను, ఎందుకంటే ఇదంతా చూడటానికి పెన్సిల్వేనియా వెళ్లనక్కరలేదు. మహబూబ్‌నగర్, నల్గొండ ప్రాంతాల ఎర్రనేలల్లో పెరిగినవాళ్లు ఆముదపు గింజను చేతిలోకి తీసుకోని రోజు ఉండదు. ఆ గింజ ఒక కొనన తెల్లగా, మెత్తగా ఒక బుడిపె ఉంటుంది. చిన్నప్పుడు మనం దాన్ని గోటితో గిల్లి పడేసిన వాళ్లమే. అది కూడా చీమ కోసమే. గట్ల మీద తనంతట తాను పెరిగే ఆముదం చెట్టు కాయ ఎండకు ఎండి ఠప్పున పగిలి గింజలను కొన్ని గజాల దూరం విసురుతుంది, అక్కడి నుంచి చీమలు అందుకుంటాయి. ఈ రెండంచెల ప్రయాణాన్ని బ్రెజిల్‌లో జాగ్రత్తగా పరిశీలించారు. గింజ లోపలి పప్పులో ఎంతటి విషం ఉందో మీకు తెలుసు. చీమకు దానితో పని లేదు, దాని వాటా బయట ఉంది.

ఇక్కడున్న విద్యార్థులు ఈ సెలవుల్లో ఒక పని చేయవచ్చు. పది ఆముదపు గింజలు తీసుకుని ఐదింటికి బుడిపె గిల్లేయండి, ఐదింటికి ఉంచండి, తరువాత చేతులు శుభ్రంగా కడుక్కోండి. పొద్దున ఏడు గంటలకు చీమలబారు పక్కన రెండు వరుసలుగా పెట్టి, తొమ్మిది దాకా కదలకుండా కూర్చుని ఏ గింజ ముందు వెళ్లిందో, ఏ రంగు చీమ పట్టిందో, ఎటు ఈడ్చిందో, మధ్యలో వదిలేస్తే ఎక్కడ వదిలిందో రాసుకోండి. గింజ మాయమైన చోట ఒక పుల్ల గుచ్చి పెట్టండి. తొలకరి పడిన రెండు వారాలకు మళ్లీ వెళ్లి, ఆ పుల్ల చుట్టూ గజం మేర ఆముదపు మొలకలు ఎన్ని లేచాయో లెక్కపెట్టి నాకు ఉత్తరం రాయండి.